నేను చెప్పిన బుధవారం

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని చాలాసార్లు మొదలుపెట్టాను. అక్కడ కూడా నా తప్పులన్నీ క్షమించమని ఒక మూటగా కట్టి అప్పజెప్పేశానే గాని, ఆ ఒక్కదాన్నీ విడిగా తీసి చూపించలేదు. ఆయనకు తెలుసు కదా అనుకునేదాన్ని. తెలిసినవాడికి చెప్పడంలో కష్టమేముంది? మీకేమీ తెలియదు. నేనెవరో కూడా తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మధ్యలో నా మీద జాలిపడకండి. అదొక్కటే అడుగుతున్నాను.

నేను ల్యాప్‌టాప్‌లు బాగుచేసేదాన్ని. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ఒక ఇరుకు సందులో మెట్లెక్కితే పైన జబ్బార్ భాయ్ షాపు. ల్యాప్‌టాప్ అంటే ఇంకా పెద్దవాళ్ల వస్తువుగా ఉన్న రోజులవి. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన చూస్తుండగానే పదేళ్లకే సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నాను. హార్డ్‌వేర్ కోర్సు చేశాక మాదన్నపేట నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చి ఆ మెట్లు ఎక్కేదాన్ని. ఆ చుట్టుపక్కల బోర్డు విప్పే ఆడపిల్ల నేనొక్కదాన్నే. వచ్చినవాళ్లు నన్ను దాటి లోపలికి తొంగిచూసి, "మెకానిక్ లేడా?" అని అడిగేవారు. జబ్బార్ భాయ్ నవ్వి, "గీమెనే మెకానిక్. నాకంటె మంచిగ జేస్తది" అనేవాడు. ఆ మాట కోసం నేను ప్రాణం పెట్టి పనిచేసేదాన్ని. ఒక్క తప్పు జరిగినా ఆడపిల్ల చేతికిస్తే ఇంతే అంటారని భయం. ఆ భయం నిజమే. కానీ తర్వాత నేను చేసినదానికి అది చాలదు. దాన్ని సాకుగా చూపించి చూపించి నాకే విసుగొచ్చింది.

మూర్తి గారు మా వీధికి రెండు వీధుల అవతల ఉండేవారు. కోస్తా వైపు మనిషి, ఇక్కడ ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. ఒక గురువారం తన ల్యాప్‌టాప్ తెచ్చి, చార్జింగ్ ఎక్కడం లేదని, బ్యాటరీ అయిపోయి అసలు ఆన్ కావడం లేదని చెప్పి వెళ్లారు. మొండి యంత్రం అది. ఏళ్ల తరబడి వాడినా పాడుకాని రకం. పిన్ను వదులై ఉంటుందని చూడగానే అనుకున్నాను. అదే.

మర్నాడు శుక్రవారం. జబ్బార్ భాయ్ మధ్యాహ్నం నమాజుకు వెళ్లాడు. షాపులో నేనొక్కదాన్నే. పిన్ను అతికించి అడాప్టర్ పెట్టి బటన్ నొక్కాను. ఆన్ అయింది. తెర మీద 'పదో తరగతి లెక్కలు' అని ఒక ఫోల్డర్ కనిపించింది. సరిగ్గా నడుస్తోందో లేదో కాసేపు చూద్దామని అలాగే ఉంచాను. బల్ల మీద నీళ్ల గ్లాసు కూడా పెట్టకూడదన్నది జబ్బార్ భాయ్ పెట్టిన ఒకే ఒక్క నియమం. ఆ రోజు నాకు జలుబు. కింద హోటల్ నుంచి చాయ్ తెప్పించుకుని ఆ బల్ల మీదే పెట్టాను.

మోచెయ్యి తగిలింది. అంతే.

చాయ్ కీబోర్డు మీద పడి, మీటల సందుల్లోంచి లోపలికి దిగిపోయింది. అలాంటప్పుడు ఏం చేయాలో నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. అడాప్టర్ పీకాలి, బ్యాటరీ తీయాలి, ఆరేదాకా బటన్ ముట్టుకోకూడదు. నేను అదేమీ చేయలేదు. చున్నీతో తుడిచాను. తెర నల్లబడింది. వెంటనే బటన్ నొక్కాను. మళ్లీ నొక్కాను. మూడోసారి లోపల సన్నగా చిటపటమంది, కాలిన వాసన వచ్చింది. ఎందుకు నొక్కాను? ఆన్ అయితే ఏమీ జరగనట్టే కదా అని. ఆ ఆశతోనే దాన్ని చంపేశాను.

ఇక్కడిదాకా పొరపాటు. ఎవరి చేతిలోనైనా జరుగుతుంది.

ఆ తర్వాత నేను గ్లాసు కిందికి పంపించేశాను. ల్యాప్‌టాప్ విప్పి, వేడిగాలి ఊదే గన్ను తీసుకుని, తడిగా ఉన్న చాయ్‌ని బోర్డు మీదే ఎండబెట్టాను. పాలూ చక్కెరా అతుక్కుని గోధుమరంగు పొక్కులా తయారైంది. ఎన్నో రోజుల కిందటి మరకలా కనిపించేదాకా ఆపలేదు. పని చక్కగా వచ్చింది. చక్కగా వచ్చిందని ఆ క్షణంలో అనుకోవడం కూడా నాకు గుర్తుంది.

జబ్బార్ భాయ్ వచ్చి అడిగాడు. "పిన్నే గదా అన్నవు బేటీ?"

"కాదు భాయ్. లోపట చాయ్ పడ్డది. ఇంట్లనే పడ్డది. బోర్డు ఖలాస్."

ఆయన వంగి మరక చూశాడు. "మన దగ్గర ఏం గాలేదు గదా?"

"లేదు భాయ్."

"బస్. ఫికర్ నక్కో, ఏం గాదు. నువ్వు జెప్పినవంటె అయిపాయె."

నా మాట మీద ఆయనకున్న నమ్మకాన్ని కూడా అప్పుడే వాడేసుకున్నాను.

సోమవారం మూర్తి గారు వచ్చారు. విషయం విని వెళ్లిపోయి, గంటలో తన అక్కను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. ఆవిడ సుభద్ర టీచరు. పెళ్లి చేసుకోలేదు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరై తమ్ముడి ఇంట్లో ఉంటోంది. వెనకబడిన పిల్లల కోసం లెక్కల పుస్తకం రాస్తూ, మధ్యాహ్నాలు ఆ ల్యాప్‌టాప్ మీద ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ టైపు చేసేది. ఈ సంగతులన్నీ నాకు ఆ రోజే తెలిశాయి. ఆయన ఆవిడను కౌంటరు ముందు నిలబెట్టి, తరగతిలో పిల్లను నిలబెట్టినట్టు అడిగారు.

"అక్కయ్యా, నువ్వే విను. అమ్మాయ్, చెప్పు."

"లోపట చాయ్ పడ్డది సార్."

"నేను టీ తాగుతూ దాని ముందు కూర్చోనురా," అందావిడ. గొంతు నెమ్మదిగానే ఉంది. "పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు కూడా గ్లాసు దగ్గరకు రానిచ్చేదాన్ని కాదు."

"అయితే నేను పోశానా? లలిత పోసిందా? లలిత దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోదే!" లలిత ఆయన భార్య. "పొరపాటున పడిందంటే పోయేదానికి ఎందుకింత వాదన? మొన్న పాలు కూడా అంతేగా, స్టవ్ మీద పెట్టి వదిలేశావు."

"పాలు అందరూ పొంగిస్తారు."

ఆవిడ నా వైపు తిరిగింది. మరక చూపించమంది. చూపించాను. కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు చూసింది. వేలితో గీరి వాసన చూసింది. "టీయే," అంది. తర్వాత నన్ను అడిగింది, చాలా మర్యాదగా, నిజంగా తెలుసుకోవాలని.

"అమ్మాయ్, నేను పోసి, పోసిన సంగతి మర్చిపోయి ఉంటానంటావా?"

నాకేం తెలుసమ్మా అంటే సరిపోయేది. తల అడ్డంగా ఊపినా సరిపోయేది. దొంగకు కూడా ఒక హద్దు ఉంటుందేమో, అవసరమైనంతే తీసుకుంటాడు. నేను ఇలా అన్నాను:

"ఈ వయసుల గట్ల అయితదమ్మా. మా నాయనమ్మకు గూడ గిట్లనే మొదలైంది. చేసింది యాదికుండది. మనం చెప్తే లొల్లి పెడ్తది."

మా నాయనమ్మ ఆ రోజు పొద్దున్నే నాకు డబ్బా కట్టి ఇచ్చింది. నిన్న ఏం తిన్నానో, పోయినేడు ఎవరి పెళ్లిలో ఎవరితో తగువైందో అన్నీ చెప్పగలదు. ఆవిడ మతికి ఏ లోటూ లేదు.

సుభద్ర టీచరు ఇంకేమీ అనలేదు. ఇప్పుడు ఏమన్నా అది లొల్లి కిందికే వస్తుందని ఆవిడకు అర్థమైంది. మూర్తి గారి ముఖంలో కోపం పోయి, అంతకంటే ఘోరమైనది, జాలి వచ్చింది. చెయ్యి పట్టుకుని మెట్లు దించారు. వచ్చేటప్పుడు ఆవిడ తనంతట తానే ఎక్కింది.

హార్డ్ డిస్కుకు ఏమీ కాలేదు. ఆవిడ లెక్కలన్నీ ఒక సీడీలోకి ఎక్కించి మూర్తి గారికి ఇచ్చాను. ఏదో ఒకటి కాపాడానని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. ఎంత తెలివి!

నాలుగు రోజులకు ఆవిడ ఒక్కతే వచ్చింది. జబ్బార్ భాయ్ పార్టుల కోసం బయటికి వెళ్లాడు. గోడ పట్టుకుని మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని, సంచీలోంచి రూళ్ల నోటు పుస్తకం తీసింది. రోజూ ఏం చేసిందో అందులో రెండు మూడు లైన్లు రాసుకోవడం ఆవిడకు ఉద్యోగం నాటి అలవాటట.

"మూర్తికి చెప్పకుండా వచ్చానమ్మా. నీకు ఈ పని బాగా తెలుసు. ఆ మరక చూస్తే ఎన్నాళ్ల కిందటిదో చెప్పగలవా?"

"ఎందుకమ్మా?"

"రోజు తెలిస్తే ఇందులో చూసుకుంటాను. ఆ రోజు నేనేం చేశానో ఉంటుంది కదా. ఏమీ తెలియకుండా నన్ను నేను అనుమానించుకుంటూ ఉండలేకపోతున్నాను."

మరక చూసి రోజు చెప్పడం ఎవరివల్లా కాదు. ఆ మాటే చెప్పి పంపించొచ్చు. కానీ ఎదురుగా కూర్చున్నది లెక్కల టీచరు. ఇంట్లో ఎవరూ పోయలేదని తేలితే, ఇంకెక్కడ పడి ఉంటుందని ఆలోచిస్తుంది. ఇవాళ కాకపోతే రేపైనా ఆవిడ చూపు నా బల్ల మీదికి వస్తుంది. ఇదంతా నేను ఆవిడ కళ్లలోకి చూస్తూనే ఆలోచించాను. తొందరపడి నోరు జారానని చెప్పుకోవడానికి కూడా లేదు.

లోపలికి వెళ్లి, మా దగ్గరే వదిలేసిన ఆ బోర్డు తెచ్చాను. దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టు నటించాను.

"సార్ మా దగ్గరికి తెచ్చిండు గదా, దానికి ముందటి బుధవారం అయ్యుంటది."

ఆవిడ పేజీలు తిప్పింది. వేలు పెట్టి బయటికే చదివింది. "బుధవారం. త్రికోణమితి రెండో అభ్యాసం టైపు చేశాను. మధ్యాహ్నం కరెంటు పోయింది. పక్కింటి పద్మ వచ్చింది. టీ ఇచ్చాను."

వేలు అక్కడే ఆగిపోయింది.

"టీ ఇచ్చాను అని ఉంది," అంది.

నేను బోర్డును దీపం కింద ఇంకోసారి తిప్పాను.

"పద్మకిస్తే నేనూ తాగే ఉంటాను."

"తాగే ఉంటరమ్మా."

"కరెంటు లేదు. ఆ గదిలో వెలుతురు తక్కువ. పద్మ పిలిస్తే లేచి ఉంటాను, లేస్తూ..." ఆవిడ చెయ్యి గాలిలో చిన్నగా కదిలి, లేని గ్లాసుకు తగిలినట్టు ఆగింది. నేను శ్రమపడనక్కర్లేకుండా ఆవిడే ఒక్కొక్క మెట్టూ వేసుకుంటూ చివరిదాకా వెళ్లింది. "అయితే నేనే. నేనే పోశాను. నాకు ఒక్క ముక్క గుర్తులేదు చూడు."

పెన్ను తీసి ఆ పేజీ అంచున ఏదో రాసుకుంది. లేచి, నా భుజం మీద చెయ్యి వేసింది.

"మంచిదమ్మా. తెలిసింది. నీవల్ల తెలిసింది."

ఆవిడ మెట్లు దిగే చప్పుడు వింటూ కూర్చున్నాను. ఏడ్చానని రాస్తే మీకు నా మీద కొంచెం దయ కలుగుతుంది. నేను ఏడవలేదు. గండం గడిచిందనిపించింది. ఆకలేసింది. నాయనమ్మ కట్టిన డబ్బా తెరిచి ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను.

తర్వాత నాకు మంచి పేరు వచ్చింది. లోపల ఏం జరిగిందో మరక చూసి రోజుతో సహా చెప్పే అమ్మాయి అని, అక్క చెప్పగా విని, మూర్తి గారు ఆఫీసులో చెప్పారట. వాళ్ల ఆఫీసు వాళ్లు మా మెట్లెక్కారు. మెకానిక్ లేడా అని అడగడం మానేశారు. నేను కోరుకున్నది అదే కదా? వచ్చింది.

దాదాపు ఏడాది తర్వాత మాదన్నపేట కూరగాయల మార్కెట్‌లో వాళ్లు కనిపించారు. లలిత గారు సుభద్ర టీచరు మణికట్టు పట్టుకుని నడిపిస్తోంది. టమాటాల కుప్ప దగ్గర ఆగారు. టీచరు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుని, "తీసుకోనా లలితా?" అని అడిగింది. టమాటా తీసుకోవడానికి.

"మీరుండండి వదినగారూ, నేను ఏరతాను."

తప్పుకుందామనుకునేలోగా ఆవిడ నన్ను చూసింది. ముఖం విప్పారింది.

"లలితా, ఈ అమ్మాయే! డాక్టరు కంటే ముందు నా జబ్బు కనిపెట్టింది ఈ అమ్మాయే. పైన షాపు. పద్దెనిమిది మెట్లు." నా చెయ్యి పట్టుకుంది. "మీ నాయనమ్మ ఎలా ఉందమ్మా?"

ఒకే ఒక్కసారి అన్న మాట. ఆవిడ దాన్ని ఏడాది పాటు జాగ్రత్తగా గుర్తుపెట్టుకుని అడుగుతోంది.

"పోయిందమ్మా," అన్నాను. మా నాయనమ్మ అప్పుడు ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నా నాయనమ్మ కోసమో, తనకూ అదే రాసిపెట్టి ఉందనో. లలిత గారు నన్ను పక్కకు పిలిచి చెప్పింది. డాక్టరు మాత్రలు ఇచ్చాడట, పగలంతా మగతగా పడుకుంటుందట. వంటింట్లోకి రానివ్వడం లేదట. ఇంట్లో కొత్త కంప్యూటరు కొన్నారు, ఆ గదికి తాళం వేస్తున్నారు. పుస్తకం సంగతి అడిగాను. "ఏం పుస్తకం?" అంది లలిత గారు.

పద్దెనిమిది మెట్లు. రోజూ ఎక్కే నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. మర్నాడు లెక్కపెట్టాను. సరిగ్గా అన్నే ఉన్నాయి. ఆ రోజుతో నాకున్న ఒక్క దారీ మూసుకుపోయింది. ఎందుకంటే అప్పటిదాకా లోలోపల నేనొక మాట పట్టుకుని బతికాను. ఏమో, ఆవిడకు నిజంగానే మతిమరుపు మొదలై ఉండొచ్చు, నేను చెప్పిన అబద్ధం అనుకోకుండా నిజమై ఉండొచ్చు, అప్పుడు నేను చేసిందాంట్లో తప్పు సగమే కదా అని. ఆ సగం కూడా లేదు. ఆవిడ మతిలో ఉన్న లోటల్లా నేను పెట్టిందే.

అప్పుడైనా చెప్పొచ్చు. రెండు వీధులు నడిస్తే వాళ్లిల్లు. నడవలేదు. రేపు అనుకున్నాను. ఆదివారం అనుకున్నాను. తర్వాత మూర్తి గారు ఇల్లు మారి నగరానికి అవతలి వైపు వెళ్లిపోయారని తెలిసి, హమ్మయ్య అనుకున్నాను. అవును, ఆ మాటే అనుకున్నాను.

చాలా ఏళ్లకు మూర్తి గారు మళ్లీ వచ్చారు. జుట్టంతా తెల్లబడింది. వేరే ల్యాప్‌టాప్ తెచ్చారు, స్క్రీను పోయింది. నన్ను గుర్తుపట్టి కూర్చున్నారు. నేను అడక్కుండానే చెప్పారు.

"అక్కయ్య పోయిన మాఘమాసంలో పోయిందమ్మా."

"అయ్యో."

"విచిత్రం ఏంటంటే చివరిదాకా ఎవరి పేరూ మర్చిపోలేదు. చదువు చెప్పిన పిల్లల పేర్లు ఇంటిపేర్లతో సహా చెప్పేది. ఆఖర్లో ఒక కొత్త డాక్టరు చూశాడు. ఏవో ప్రశ్నలు అడిగి, ఈమెకు మతిమరుపు లేదేమోనండీ, ఆ మాత్రలు ఆపి చూద్దాం అన్నాడు. అక్కయ్యే ఒప్పుకోలేదు. ఆయనతో వాదించింది. లేదు డాక్టరుగారూ, నాకు తెలుసు, నేను ల్యాప్‌టాప్ మీద టీ పోసి మర్చిపోయాను, నా దగ్గర రాసి ఉంది అని ఆ నోటు పుస్తకం తీసి చూపించింది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను స్క్రీను వైపు చూస్తున్నాను.

"నువ్వు ఆ రోజు చెప్పబట్టి మేం జాగ్రత్తపడ్డాం. లేకపోతే ఏ గ్యాసో వదిలేసి ఉండేది," అన్నారు.

"ఎల్లుండి రండి సార్. అయిపోతది," అన్నాను.

ఎల్లుండి వచ్చారు, తీసుకెళ్లారు. ఆయనకు ఇప్పుడు చెబితే ఆయన ఎలా బతుకుతారు, అక్కను అలా చూసినందుకు కుమిలిపోరా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన మీద దయతో నోరు మూసుకున్నానట! దయ అనే మాట నా నోట ఎంత బాగా పలుకుతుందో చూడండి. అసలు సంగతి, ఆయన ముఖం నా కళ్ల ముందే మారడం చూసే ధైర్యం నాకు లేదు. మొదటిరోజు చాయ్ పడ్డప్పుడు లేనిది, ఇన్నేళ్ల తర్వాత ఎక్కడి నుంచి వస్తుంది?

నేను ఇప్పుడు ఆ పని చేయడం లేదు. ప్రాయశ్చిత్తంగా మానేశాననుకోకండి. కంటిచూపు తగ్గింది, మానేశాను.

సుభద్ర టీచరు టీ పోయలేదు. పోసింది నేను. ఆవిడకు అన్నీ గుర్తున్నాయి. జరగనిది గుర్తులేకపోవడం జబ్బు కాదు.

ఇది రాసి ఒకసారి చదువుకున్నాను. ఇంత చిన్న మాటేనా అనిపించింది. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు సిగ్గుగా ఉంది. అయినా ఆడుతోంది.